లినక్స్ కంప్యూటరుకు ప్రింటరూ, స్కానరూ



కంప్యూటరు మాట ఎత్తగానే ఇదంతా కుర్రవాళ్ల వ్యవహారం, మనకెందుకులే అని కొందరు రేడియో కట్టేయబోతారు. దయచేసి కాసేపు ఆగండి. ఈ ప్రసంగానికి కారణం కుర్రవాళ్లు కారు, ఒక అవ్వ మా దగ్గరికి తెచ్చిన గుడ్డసంచి. ఇంకొక మనవి. దగ్గర ఒక కాగితం, పెన్సిలు పెట్టుకోండి. మధ్యలో రెండు మూడు చోట్ల ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే పలుకుతాను. అవి రాసుకోవలసినవి.

నేను హోసూరు ప్రాంతంలో ముప్ఫై ఏళ్ల పైచిలుకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా వీధిలో ఒక చిన్న పఠనమందిరం ఉంది. రెండు బీరువాల పుస్తకాలు, నాలుగు బల్లలు, ఒక పాత కంప్యూటరు, దాని పక్కన ఒక దాత ఇచ్చిన ప్రింటరు. సాయంత్రం పూట పిల్లలకు తెలుగు పాఠాలు అచ్చువేసి ఇవ్వడానికి ఆ రెండింటినీ వాడుకుంటాం. ఒక బుధవారం నాడు మా వీధి చివర ఉండే అవ్వ వచ్చి, సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టింది. 1952 నాటి భాగపంపకాల కాగితం. మొదటి పంక్తిలోనే ‘సేలం జిల్లా హోసూరు తాలూకా’ అని ఉంది. మన తాలూకా 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కృష్ణగిరి జిల్లాలోకి వెళ్లింది కదా, అంతకు ముందటి కాగితం అన్నమాట. తెలుగులో, గొలుసుకట్టు రాతలో ఉంది. మడతల దగ్గర చిరిగిపోయి, నాలుగు ముక్కలూ ఇంకా ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నాయంటే అదే గొప్ప.

ఆదివారం నాడు మనవడు బెంగళూరు నుంచి వస్తున్నాడు, పొలం పంచుకోవాలి, ఈ కాగితంలో ఏముందో వాడికి చూపించాలి అని అవ్వ కోరిక. మనవడు ఇంట్లో మాట్లాడేది తెలుగే. చదవగలిగేది తమిళం, ఇంగ్లీషు. జిరాక్సు షాపుకు వెళ్తే అక్కడి అబ్బాయి కాగితాన్ని యంత్రం పై మూతలోని చుట్టల మధ్య దోపబోయాడట. చెయ్యి పట్టుకొని లాక్కొని వచ్చేసిందట. మంచి పని చేసింది. ఎందుకో తరవాత చెబుతాను.

ఫోనుతో ఫొటో తీస్తే పోలేదా అని మీరు అడగవచ్చు. తీశాం. మడతల దగ్గర నీడలు పడ్డాయి, అంచుల దగ్గర అక్షరాలు వంగిపోయాయి, సిరా వెలిసిన చోట ఏమీ తెలియలేదు. స్కానరే కావాలి. మా ప్రింటరులో స్కానరు ఉంది. కాని పనిచెయ్యడం లేదు.

ఎందుకు పనిచెయ్యడం లేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. మా కంప్యూటరులో ఉండేది విండోస్ 10. దానికి 2025 అక్టోబరు 14తో కంపెనీవారు మామూలు మద్దతు ముగించారు. తరవాతి విండోస్ వేసుకోవడానికి ఆ పాత యంత్రం పనికిరాదు. కొత్తది కొనడానికి మందిరం దగ్గర డబ్బు లేదు. అందుకని ఎవరూ రుసుము అడగని లినక్స్‌ను, అందులో మింట్ అనే రకాన్ని, వేసుకున్నాం. లినక్స్ మన ప్రాంతానికి మరీ కొత్తదేమీ కాదు. 2011 నుంచి తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచితంగా పంచిన ల్యాప్‌టాపుల్లో విండోస్ పక్కనే బాస్ అనే లినక్స్ కూడా ఉండేది. సి-డాక్ అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసినది అది. మా బడి పిల్లల్లో దాన్ని తెరిచి చూసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

సరే, లినక్స్ వేసిన రోజునే అచ్చు వచ్చింది. సంతోషించాం. స్కానింగు నొక్కితే మాత్రం ‘స్కానరు ఏదీ కనబడలేదు’ అని జవాబు. రిపేరు చేసే అతను వచ్చి చూసి, ‘లినక్సుకు స్కానరు రాదు సార్, మళ్లీ విండోస్ వేసేస్తాను, డబ్బు కూడా ఏమీ కాదు’ అన్నాడు. డబ్బు కాని విండోస్ అంటే ఏ రకందో మీకు తెలుసు. వద్దన్నాను. అలా మూడు నెలలు ఆ స్కానరు మూతపడే ఉంది, అవ్వ వచ్చేదాకా.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మల్టీఫంక్షన్ ప్రింటరు అని మనం కొనేది చూడ్డానికి ఒక పెట్టె. లోపల రెండు యంత్రాలు వేరువేరుగా ఉన్నాయి. కింద ఉన్నది కాగితం మీద సిరానో పొడినో అద్దే యంత్రం. పైన గాజుపలక కింద ఉన్నది కాగితాన్ని చూసి బొమ్మ తీసుకొనే యంత్రం. రెండింటికీ కరెంటు తీగ ఒకటే, కంప్యూటరుకు వెళ్లే తీగ కూడా ఒకటే. విండోస్‌లో కంపెనీవారిచ్చిన ఒకే మూట ఆ రెండింటినీ కలిపి అమరుస్తుంది గనుక ఇవి రెండని మనకు తెలియదు. లినక్స్ ఈ రెండింటినీ రెండు వేరే శాఖలకు అప్పజెప్పింది. అచ్చు సంగతి కప్స్ అనే వ్యవస్థ చూసుకుంటుంది. స్కానింగు సంగతి సేన్ అనే వ్యవస్థ చూసుకుంటుంది. ఒక శాఖలో పని జరిగినంత మాత్రాన రెండో శాఖలో జరిగినట్టు కాదు. తాలూకా ఆఫీసుకు తిరిగినవాళ్లకు ఈ సంగతి నేను వివరించనక్కరలేదు.

కాబట్టి ఎవరైనా ‘ప్రింటరు రావడం లేదు’ అని నా దగ్గరికి వస్తే మొదట అడిగేది, ఏది రావడం లేదు, అచ్చా, స్కానింగా అని. దానికీ ముందు ఇంకొక పరీక్ష ఉంది. కంప్యూటరు తీగ పీకేసి, గాజు మీద ఒక కాగితం పెట్టి, పెట్టె మీదున్న కాపీ బొత్తాం నొక్కండి. నకలు వచ్చిందంటే లోపలి రెండు యంత్రాలూ బాగానే ఉన్నాయి, తగాదా కంప్యూటరుతోనే. నకలే రాకపోతే లినక్స్‌ను తిట్టి లాభం లేదు, రిపేరు అతన్ని పిలవవలసిందే.

ప్రింటరు అనేసరికి నాకు ఒక పాత కథ గుర్తుకు వస్తుంది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలోని ఒక ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. అందులో కాగితం మాటిమాటికీ ఇరుక్కునేది. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ అనే యువకుడు, అంతకు ముందున్న ప్రింటరు ప్రోగ్రామును సవరించి, కాగితం ఇరుక్కోగానే అచ్చు కోసం కాచుకున్నవారికి కబురు వెళ్లే ఏర్పాటు చేశాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే దాని ప్రోగ్రాము చూడనివ్వలేదు. అది తన దగ్గరున్న ఇంకొక విశ్వవిద్యాలయం పరిశోధకుణ్ణి వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చానన్నాడు. తనకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఆలోచన బలపడడానికి ఆ సంఘటన కూడా ఒక కారణమని స్టాల్‌మనే చాలాసార్లు చెప్పాడు. 1983లో అతను గ్నూ పథకాన్ని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ గుండెకాయను రాశాడు. రెండూ కలిసి ఇవాళ మన బల్ల మీద ఉన్నాయి. అంటే ప్రింటరుతో పడిన గొడవ ఈ వ్యవస్థ పుట్టుకలోనే ఉందన్నమాట. మనకేదో కొత్తగా వచ్చిపడిన కష్టం కాదు.

ఇక డ్రైవరు అనే మాట. ఈ డ్రైవరు బండి నడిపేవాడు కాదు, దుబాసీ. కంప్యూటరు ఒక భాష మాట్లాడుతుంది, ప్రింటరు ఇంకొకటి మాట్లాడుతుంది. మధ్యన దుబాసీ కావాలి. కొన్ని ప్రింటర్లకు పోస్ట్‌స్క్రిప్ట్, పి.సి.ఎల్. వంటి పదిమందికి తెలిసిన భాషలు వచ్చు. పోస్ట్‌స్క్రిప్ట్‌ను అడోబీ కంపెనీ 1984లో తెచ్చింది. ఆ భాషలు వచ్చినవాటితో లినక్సుకు పేచీ లేదు. చవకరకం ప్రింటర్లు కొన్ని సొంత బుర్ర లేకుండా తయారవుతాయి. పుట మీద ఏ చుక్క ఎక్కడ పడాలో మొత్తం కంప్యూటరే లెక్కగట్టి, ఆ కంపెనీకి మాత్రమే తెలిసిన రహస్య భాషలో చెప్పాలి. మన ఊళ్ల జిరాక్సు షాపుల్లో కనిపించే క్యానన్ ఎల్‌బీపీ 2900 ఆ జాతిదే. అలాంటివాటికి కంపెనీ ఇచ్చిన దుబాసీ దొరికితేనే పని, లేకుంటే లేదు.

సరిహద్దు ఊళ్లలో ఉన్న మనకు దుబాసీల సంగతి బాగా తెలుసు. సంతకు నాలుగు భాషలవాళ్లు వస్తారు. ప్రతి ఒక్కడూ దుబాసీని వెంటబెట్టుకొని రాడు, అందరికీ అర్థమయ్యే సంతభాష ఒకటి కుదురుతుంది. ప్రింటర్ల లోకంలోనూ అదే జరిగింది. కప్స్‌ను మైకేల్ స్వీట్ అనే అమెరికన్ 1997లో మొదలుపెట్టి 1999లో విడుదల చేశాడు. 2002లో ఆపిల్ కంపెనీ దాన్ని తన కంప్యూటర్లలో పెట్టుకుంది, 2007లో కొనేసింది. 2010లో ఐఫోనులనుంచి నేరుగా అచ్చువేసుకొనే ఎయిర్‌ప్రింట్ పద్ధతిని తెచ్చింది. ఫోనులో ప్రతి ప్రింటరుకూ ఒక దుబాసీని కూర్చోబెట్టలేరు కదా, అందుకని ప్రింటర్లే ఒక ఉమ్మడి భాష నేర్చుకోవలసి వచ్చింది. ఆపిల్ కోసం నేర్చిన ఆ భాష లినక్సుకూ పనికివచ్చింది. ఎవరి కోసమో తవ్విన కాలువ నీళ్లు మన మడికీ పారాయి. ఇప్పుడు వైఫై ఉన్న కొత్త ప్రింటర్లు చాలావాటిని లినక్స్ ఏ డ్రైవరూ అడగకుండానే గుర్తుపడుతోంది. స్కానింగుకు కూడా ఇ.ఎస్.సి.ఎల్. అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. 2021లో విడుదలైన డెబియన్ 11 అనే లినక్స్ నుంచి తీగతో కలిపిన ప్రింటర్లకు కూడా ఈ సదుపాయం చేర్చారు.

అందువల్ల కొత్తగా కొనేవారికి నా సలహా ఒకటే. ధర అడగడానికి ముందు పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అని గాని, మోప్రియా అని గాని ఉందేమో చూడండి. ఉంటే చాలావరకు నిశ్చింత. షాపులో కుర్రవాడు ‘లినక్సా, తెలియదు సార్’ అంటాడు. అతన్ని లినక్స్ గురించి అడగవద్దు, ఐఫోను నుంచి నేరుగా అచ్చువేయవచ్చా, స్కాను చేయవచ్చా అని అడగండి. దానికి జవాబు చెప్పగలడు. తీగతో తప్ప కలవని చవకరకం కొనేముందు మాత్రం రెండుసార్లు ఆలోచించండి.

ఇప్పటికే ఇంట్లో ఉన్న ప్రింటరు సంగతి వేరు. దాన్ని అమర్చే క్రమం చెబుతాను. ముందు ప్రింటరు వేసి, తీగ కలపండి. కంప్యూటరులో టెర్మినల్ అనే నల్లని కిటికీ తెరవండి. ఇప్పుడు పెన్సిలు పట్టుకోండి. ఎల్, ఎస్, యు, ఎస్, బి. అన్నీ చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ లేదు. రాసి ఎంటర్ నొక్కితే తీగలతో కలిసిన పరికరాల జాబితా వస్తుంది. అందులో మీ ప్రింటరు కంపెనీ పేరు ఉండాలి. లేకపోతే తప్పు తీగలోనో, తీగ దూర్చిన రంధ్రంలోనో ఉంది. ఈ ఒక్క పరీక్ష చెయ్యక నేను ఒకసారి ఒక పూట పోగొట్టుకున్నాను.

తరవాత సెట్టింగుల్లో ప్రింటర్లు అనే చోటికి వెళ్లి, కొత్తది చేర్చే బొత్తాం నొక్కండి. పేరు కనబడుతుంది, ఎంచుకోండి, పరీక్షపుట అచ్చువేయండి. నూటికి తొంభై పాళ్లు అంతటితో అయిపోతుంది. అలా కాకపోతే ఇంటర్నెట్ చూసే కిటికీలో లోకల్‌హోస్ట్, దాని పక్కన నిలువుగా రెండు చుక్కలు, 631 అని కొట్టండి. కప్స్ వారి సొంత పుట తెరుచుకుంటుంది. అది మీ కంప్యూటరులోనే ఉన్న పుట, ఇంటర్నెట్ లేకపోయినా వస్తుంది. అక్కడా ప్రింటరును చేర్చవచ్చు, ఇరుక్కుపోయిన పనులను రద్దు చేయవచ్చు. ఎల్, పి, ఎస్, టి, ఏ, టి కలిపి రాసి, ఒక ఖాళీ వదిలి, అడ్డగీత, దాన్ని ఆనుకొని టి అని టెర్మినల్‌లో కొడితే, ఏ ప్రింటరు సిద్ధంగా ఉందో, ఏది ఆగిపోయి ఉందో చెబుతుంది. కాగితం అయిపోయినప్పుడో ఇరుక్కున్నప్పుడో కొన్నిసార్లు కప్స్ ప్రింటరును ఆపి కూర్చుంటుంది. మనం కాగితం పెట్టినా అది తనంతట మళ్లీ మొదలుపెట్టదు. ఆ పుటలో ‘రెజ్యూమ్’ నొక్కాలి. కొత్తవాళ్లు ఇక్కడ బెంబేలుపడి ప్రింటరును తీసేసి మళ్లీ చేరుస్తూ ఉంటారు. అక్కరలేదు.

హెచ్.పి. ప్రింటరైతే ఆ కంపెనీయే లినక్స్ కోసం హెచ్‌ప్లిప్ అనే మూట ఇచ్చింది. అచ్చు, స్కానింగు రెండూ అందులో ఉన్నాయి. కొన్ని మోడళ్లకు దానితోపాటు ప్లగిన్ అనే తోక కూడా దించుకోవాలి. అది లేకపోతే కొన్నిట్లో అచ్చు రాదు, కొన్నిట్లో స్కానింగు రాదు. ఎప్సన్, బ్రదర్, క్యానన్ కంపెనీలు అచ్చుకొక మూట, స్కానింగుకొక మూట విడివిడిగా ఇస్తాయి. ఒకటి వేసి రెండోది మరిచిపోతే ఏమవుతుందో మా మందిరం కథే సాక్ష్యం.

అవును, మాకు జరిగింది అదే. అచ్చుకు కావలసినది లినక్స్‌లోనే ఉంది గనుక మొదటిరోజే వచ్చింది. స్కానింగు మూట వేరే ఉందని నాకు తెలియదు, రిపేరు అతనికీ తెలియదు. అవ్వ కాగితం ఇచ్చి వెళ్లిన రాత్రి కూర్చొని, కంపెనీవారి పుటలో మా మోడలు సంఖ్య కొట్టి చూస్తే, లినక్స్ అనే శీర్షిక కింద రెండు మూటలు కనబడ్డాయి. మోడలు సంఖ్య పెట్టె వెనకాల చీటీ మీద ఉంటుంది, అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. చివర ఒక్క అక్షరం మారితే యంత్రమే వేరు. మాకు కావలసినది డెబ్ అని ముగిసే మూట. మింట్, ఉబుంటు, డెబియన్ వాడేవారికి అదే.

మూట వేశాను. ఇప్పుడు మళ్లీ పెన్సిలు. ఎస్, సి, ఏ, ఎన్, ఐ, ఎం, ఏ, జి, ఇ. స్కాన్ ఇమేజ్ అన్నమాట, కలిపి, చిన్న అక్షరాల్లో. ఒక ఖాళీ. అడ్డగీత, దాన్ని ఆనుకొని ఎల్, ఇది మాత్రం పెద్ద ఎల్. ఈ ఆదేశం లేదని కంప్యూటరు అంటే సేన్ యుటిల్స్ అనే చిన్న మూట వేసుకోండి. ఈ ఆదేశం సేన్ శాఖవారిని ‘మీకు కనబడుతున్న స్కానర్లేవి?’ అని అడుగుతుంది. మాకు మళ్లీ అదే జవాబు, ఏదీ లేదని. ప్రాణం ఉసూరుమంది. చివరికి అదే ఆదేశానికి ముందు ఎస్, యు, డి, ఓ అని చేర్చి, అంటే యజమాని హోదాలో, అడిగి చూశాను. వెంటనే స్కానరు పేరు తెర మీద పడింది!

అంటే అర్థమేమిటి? యంత్రం ఉంది, దుబాసీ ఉన్నాడు, మామూలు వాడకందారుకు దాన్ని తాకే అనుమతి లేదు. లినక్స్‌లో ఒక్కొక్క పరికరం ఒక్కొక్క గుంపు చేతిలో ఉంటుంది. ప్రింటరు ఉన్న పెట్టె సాధారణంగా ఎల్.పి. అనే గుంపుది. స్కానర్ అనే గుంపు కూడా కొన్నిచోట్ల ఉంటుంది. సెట్టింగుల్లో వాడకందారులు, గుంపులు అనే చోట మన పేరును ఆ రెండు గుంపుల్లో చేరిస్తే సరి. చేర్చాను. అయినా స్కానరు కనబడలేదు. గురువారం మధ్యాహ్నం దాకా అదే పని, తీగ పీకడం, పెట్టడం, మూట తీసివేయడం, మళ్లీ వేయడం. భోజనానికి వెళ్తూ కంప్యూటరు ఆపి వెళ్లాను. వచ్చి వేస్తే స్కానరు తయారుగా ఉంది. గుంపులో చేరినవాడు ఒకసారి బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వస్తేనే ఆ చేరిక లెక్కలోకి వస్తుందట. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే నా అన్నం చల్లారేది కాదు.

పాత కాగితం స్కాను చేసే పద్ధతి గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. యంత్రం చెడితే ఇంకొకటి తెచ్చుకోవచ్చు. ఆ కాగితం ఒకటే ఉంది.

పై మూతలో కాగితాలను తనంతట లాక్కొనే ఏర్పాటు కొన్ని యంత్రాల్లో ఉంటుంది. చుట్టల మధ్యనుంచి కాగితం వంగి తిరిగి వస్తుంది. పాత కాగితాన్ని అందులో ఎప్పుడూ పెట్టవద్దు. అవ్వ చెయ్యి పట్టుకొని లాక్కున్నది అందుకే మంచిదన్నాను. గాజు తుడిచి, ఆరిన తరవాత, కాగితాన్ని బోర్లా పరచండి. మడతలను బలవంతంగా చదును చేయవద్దు, మూత మెల్లగా దించండి, పైన నొక్కవద్దు. చిరుగులకు టేపు అంటించవద్దు, కొన్నేళ్లకు ఆ జిగురే కాగితాన్ని తినేస్తుంది. వెనక వైపు రాత ముందుకు కనబడుతూ ఉంటే కాగితం మీద ఒక నల్లని అట్ట పెట్టి మూత వేయండి, ఆ దయ్యపు అక్షరాలు చాలావరకు మాయమవుతాయి. పాత దస్తావేజులు మన ఎ4 గాజుకంటే పొడుగ్గా ఉంటాయి. రెండు విడతలుగా తీయండి, మధ్యలో నాలుగు పంక్తులు రెండింటిలోనూ వచ్చేట్టు.

డాక్యుమెంట్ స్కానర్ అనే సులువైన ప్రోగ్రాము మింట్‌లో ఉంది. తీయబోయేది నల్లరాతే అయినా రంగుల్లోనే తీయండి. వెలిసిన సిరాకు, కాగితం పసుపుకు తేడా రంగులోనే తెలుస్తుంది. అంగుళానికి 300 చుక్కలు మామూలు అచ్చుకు చాలు. వెలిసిన రాతకు 600 పెట్టండి. 300కు ఎ4 పుటలో సుమారు 87 లక్షల చుక్కలుంటాయి. 600కు దానికి నాలుగింతలు. స్కానింగు నెమ్మదిస్తుంది, ఫైలు పెద్దదవుతుంది, ఫరవాలేదు. దాచుకోవడానికి పి.ఎన్.జి. రూపంలో భద్రపరచండి, అందులో నాణ్యత తగ్గదు. పంపుకోవడానికి పి.డి.ఎఫ్. చాలు. రెండుచోట్ల దాచండి. ఒకమాట, ఇది మన ఇంటి ఆనవాలు మాత్రమే. కచేరీలో చెల్లేది కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసు నుంచి సర్టిఫైడ్ నకలు తీసుకోవలసిందే.

బొమ్మలోని అక్షరాలను కంప్యూటరే చదవదా అని కొందరు అడుగుతారు. టెసరాక్ట్ అనే ప్రోగ్రాము ఉంది. హెచ్.పి. కంపెనీలో 1985లో మొదలై, 2005లో అందరికీ బహిరంగమైంది. తెలుగు అక్షరాల మూట కూడా దానికి ఉంది. శుభ్రమైన అచ్చు పుస్తకమైతే చాలావరకు చదువుతుంది, మనం దిద్దుకోవాలి. గొలుసుకట్టు రాత మాత్రం దానికి కొరుకుడు పడదు. అది మనుషులు చదవవలసిందే, అదీ చదవగలిగే మనుషులు ఉన్నప్పుడే.

తెలుగు అచ్చు గురించి కూడా ఒకటి చెప్పాలి. డి.టి.పి. షాపులో పాతకాలపు ఫాంటుతో కొట్టించిన ఫైలు తెస్తే మన లినక్స్‌లో పిచ్చిగీతల్లా కనబడుతుంది. తప్పు ప్రింటరుది కాదు, ఆ ఫాంటు మన దగ్గర లేకపోవడం. వాళ్లనే పి.డి.ఎఫ్. చేసి ఇమ్మనండి, అక్షరాలు అందులో ఇమిడి వస్తాయి. మనమే కొట్టుకొనేటప్పుడు యూనికోడ్‌లో కొట్టుకోవాలి. పోతన, వేమన, లోహిత్ వంటి ఫాంట్లు ఊరికే దొరుకుతాయి. పరీక్షపుట మీద ఇంగ్లీషు వచ్చిందని మురిసిపోకుండా రాష్ట్రం, లక్ష్మి, స్వాతంత్ర్యం అనే మూడు మాటలు అచ్చువేసి చూడండి. ఒత్తులు తమ చోట తాము ఉంటే అంతా బాగున్నట్టు.

ఆదివారం పొద్దున అవ్వ, మనవడు వచ్చారు. కాగితాన్ని తెర మీద పెద్దది చేసి పెట్టి నేను చదువుతూ పోయాను. చెక్కుబందీ దగ్గరికి వచ్చాం. తూర్పున ఫలానావారి కుంటచేను అని చదివాను. అవ్వ వెంటనే, ‘కుంట కాదు అయ్యవారూ, గుంట. గుంటచేను. అక్కడ కుంటే లేదు’ అంది. ఆ అక్షరం దగ్గర సిరా పూర్తిగా వెలిసిపోయి ఉంది. 600 చుక్కల బొమ్మ కదా, ఇంకా ఇంకా పెద్దది చేసి చూశాం. గకారమే! అవ్వ చదువుకోలేదు, నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. మనవడు నవ్వాడు, నేనూ నవ్వాను.

తరవాత మొత్తం పోతన ఫాంటులో కొట్టి రెండు ప్రతులు అచ్చువేశాం. మనవడు తన ప్రతిలో ప్రతి పంక్తి కిందా ఆ తెలుగు మాటలనే తమిళ అక్షరాల్లో పెన్నుతో రాసుకున్నాడు. అవ్వ తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకోబోయింది. ఆపి, ప్లాస్టిక్ కవరు ఇచ్చాను. అసలు కాగితాన్ని ఇంకొక కవరులో, మడత లేకుండా పెట్టి ఇచ్చాను.

ఈ సంగతి వీధిలో తెలిసి ఇంకో రెండిళ్లవాళ్లు పెట్టెలు వెతుకుతున్నారట. ఒకరి దగ్గర పెళ్లిపత్రికలు, ఇంకొకరి దగ్గర తాతగారి ఉత్తరాలు. వచ్చే ఆదివారం తీసుకొని రమ్మన్నాను. ఈలోగా గాజు తుడిచి పెట్టుకోవాలి, నల్ల అట్ట ఇంకొకటి కొనాలి.